పంట పండుగ నాటి నీలి వెలుగు

ఒక్క పూటలో, ఒక్క ప్రాణానికీ హాని లేకుండా, మా చర్చి సంఘం మొత్తాన్ని విషం తిన్నవాళ్లను చేసిన ఘనత నాది. ఆ మధ్యాహ్నం కడుపు పట్టుకున్నవాళ్లు కొందరు, గోడ పట్టుకున్నవాళ్లు కొందరు, నా కాలరు పట్టుకున్నవాళ్లు కొందరు. ఎవరో పగవాడు చేసిన పని అయితే ప్రార్థనలో పెట్టి క్షమించేసేవాళ్లం. చేసింది నేను. ఆదివారం బడిలో వాక్యం కంఠతా చెప్పి ఏటా బహుమతిగా స్టీలు గ్లాసు గెలుచుకున్న నేను. అందుకే ఇన్నేళ్లయినా మావాళ్లు దాన్ని మరిచిపోవడానికి ఒప్పుకోరు. పంట పండుగకు నేను గుడి మెట్లెక్కితే చాలు, ఎవరో ఒకరు కేకేస్తారు. "రత్నం వచ్చినాడు, నీళ్లబాన మూతపెట్టండప్పా."

మొదటి నుంచి చెబుతాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోను ఉన్నవాడు అది అందరికీ కనబడేలా చొక్కా పైజేబులో పెట్టుకునే రోజులు. నేను అనంతపురంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో సహాయకుణ్ని. మా ఊరు వజ్రకరూరు పక్కన. మా వైపు వాన పడ్డాక చేలల్లో తల వంచుకుని నడిచేవాళ్లు కనబడితే వజ్రాలు వెతుకుతున్నారని అర్థం. వాన పడకముందు తల వంచుకుని కూర్చున్నవాళ్లు కనబడితే ప్రార్థన చేస్తున్నారని అర్థం. ఈ రెండో రకంలో మా కుటుంబానిది ఎప్పుడూ ముందువరుసే.

ప్రయోగశాలలో మేము తయారు చేస్తున్నది వేరుశనగలోని విషాన్ని పట్టే చిప్పు. భయపడకండి, తేలికే. వేరుశనగకు తడి తగిలి బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కంటికి కనబడదు, వాసనకు అందదు, నెమ్మదిగా కాలేయాన్ని తినేస్తుంది. అయితే దేవుడు దానికి ఒక బలహీనత పెట్టాడు. అతినీలలోహిత కాంతి పడితే ఆగలేక నీలంగా వెలుగుతుంది, గాదె కింద దాక్కున్న దొంగ టార్చి పడగానే తనే పాట ఎత్తుకున్నట్టు. మా చిప్పు గోరంత గాజుపలక. దాని ముఖం మీద ఆ విషాన్ని మాత్రమే ఒడిసిపట్టే ప్రొటీన్లు అంటించి ఉంటాయి. గింజల్ని నూరి, స్పిరిట్టు కలిపి, వడగట్టి, ఆ నీటిని చుక్క వేస్తాం. విషం ఉంటే చిక్కుతుంది, మిగతాదంతా కడిగితే పోతుంది. అప్పుడు చిప్పును టిఫిను డబ్బా అంత నల్లపెట్టెలో పెట్టి దీపం వేస్తాం. చిక్కిన విషం వెలుగుతుంది. కింద ఉన్న సెన్సరు ఆ వెలుగును కొలిచి అంకె చూపిస్తుంది. అంకె హద్దు దాటిందా, ఎర్రబల్బు.

అది మొదటిసారి వెలిగిన రోజు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. దాచిన ప్రతిదీ ఒకనాటికి వెలుగులోకి వస్తుందని పసితనం నుంచి వింటూ పెరిగినవాణ్ని. ఇప్పుడు అదే సంగతిని కరెంటుతో రుజువు చేసే పెట్టె నా చేతికిచ్చారు. నేను పరిశోధకుణ్ని అనుకోవడం ఆ రోజే మానేశాను. ప్రవక్తను అనుకోవడం మొదలుపెట్టాను. మన కథలో అసలు జబ్బు ఇదే.

మా ప్రయోగశాలకు పెద్ద వసుంధర మేడమ్. ఆమె ఆజ్ఞలు రెండే. మొదటిది, చిప్పు ముఖాన్ని ఏదీ తాకకూడదు, రబ్బరు బుడ్డితో గాలి ఊది మాత్రమే ఆరబెట్టాలి. రెండోది, ఎవరి గింజలు చూసినా దానికి ముందు వట్టి నీళ్ల చుక్క వేసి చూడాలి. నీళ్లకు అంకె సున్నా దగ్గర నిలిస్తేనే తర్వాతి అంకెలు నమ్మాలి.

"నీళ్లలో విషం ఉండదని తెలుసుగదా మేడమ్, మళ్లీ చూసేదేంటికి?" అన్నాను ఒకసారి.

"చూసేది నీళ్లను గాదు రత్నం, నిన్ను," అంది మేడమ్ తల ఎత్తకుండానే.

పది ఆజ్ఞలు నిద్రలో కూడా ఒప్పజెప్పగలవాడికి ఈ రెండూ ఒక లెక్కా అనుకున్నాను.

ఆ ఏడు మా సీమలో వాన ఎప్పటిలాగే ప్రవర్తించింది. విత్తనం వేసినప్పుడు లేదు, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు లేదు. చెట్లు పీకి చేలో ఆరవేసిన తర్వాత, విస్తళ్లు ఎత్తేశాక పెళ్లికొచ్చే మేనమామలా వచ్చి కూర్చుంది. చాలామందికి అసలు కాయే దక్కలేదు. దక్కినవాళ్లకు నాలుగు మూటలు, అంతే. ఇల్లు నిండా మూటలు దక్కింది ఒక్క కరుణమ్మకే. ఆమె, భర్త సుందరప్ప ఏటా పంట పండుగ అయిన మర్నాడే ఇంటికి తాళం వేసి, బెంగళూరుకు కట్టడం పనికి పోయేవాళ్లు. ఈసారి పోకూడదని ఆమె పంతం.

"పాప పదో తరగతిలో ఉండాది రత్నం," అంది నాతో. "పోయిన సారి పరీక్ష నాటికి మేం ఇటుకలు మోస్తాంటిమి, అది ఆడనే గుడిసెలో కూచోనుండె. ఈసారి తాళం ముట్టేది లేదు. ఈ కాయ మంచి ధరకు పోతే ఈడనే ఉంటాం."

ఆ మంచి ధర ఇస్తానన్నది లోకేశప్ప. బెంగళూరులో చిక్కీలు చేసే ఒక కంపెనీకి కాయ కొనిపెట్టే మనిషి. మాటలో సగం కన్నడం. కాయ చూశాడు, తూకం చూశాడు, ముఖం తిప్పుకున్నాడు.

"కాయ బాగుండాది. కానీ వానలో తడిసింది గదమ్మా. విషం లేదని తేలితే ఇప్పుడే దుడ్లిచ్చి లారీకి ఎత్తుకుంటా. తేలకుంటే మా ఓనరు నన్నే చిక్కీ చేస్తాడు."

పరీక్షకు పట్నం పంపితే జవాబు రావడానికి వారాలు పడతాయి. అంతవరకు లోకేశప్ప ఆగడు, కరుణమ్మ ఆగలేదు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఎక్కడ? ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాల వేళ. "ఆ పరీక్ష మన గుడిలోనే, పంట పండుగ నాడే, మీ అందరి కళ్ల ముందు జరుగుతుంది," అన్నాను. సంఘమంతా ఆమెన్ అంది. సొంత గొంతు అంత కమ్మగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మేడమ్ పెట్టె ఇచ్చింది, చిప్పులు ఇచ్చింది, రబ్బరు బుడ్డి ఇచ్చింది, శుద్ధి చేసిన నీళ్ల సీసా ఇచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి, "ముందు నీళ్లు, రత్నం," అంది.

ఇక్కడ ఒక చేతిగుడ్డ గురించి చెప్పాలి. మా గుడిలో ప్రభువు బల్ల ఆరాధన నాడు అందరికీ ద్రాక్షరసం గిన్నె ఒక్కటే. ఒకరు తాగగానే గిన్నె అంచును తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవారికి అందించాలి. మీసం రాకముందు నుంచీ ఆ సేవ నాది. తుడిచి తిప్పడం, తుడిచి తిప్పడం, నా చేతికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ గుడ్డ మా అమ్మ గర్వం. మా ఊరి ఉప్పునీళ్లకు ఎవరి బట్టయినా ఏడాదికి బెల్లం రంగుకు దిగాల్సిందే. మా అమ్మ మాత్రం ఆ గుడ్డను సబ్బుపొడిలో నానబెట్టి, ఉతికి, మళ్లీ తెల్లదనం వచ్చే పొడిలో ముంచి ఆరేసేది. ఎండలో దాన్ని చూడాలంటే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. నా చొక్కాదీ అదే మర్యాద.

పంట పండుగ వచ్చింది. తొలిపంట మూటలు బల్ల ముందు పెట్టారు. మా ఆచారం ప్రకారం వాటిని వేలం వేసి, వచ్చింది గుడికి జమ చేస్తారు. మా ఇంటి మూటను సంఘ పెద్ద దేవదానం అందరికంటే పైపాట పాడి గెలుచుకున్నాడు. "వాక్యం తెలిసిన ఇంటి గింజలప్పా, ఎంత పెట్టినా తప్పులేదు," అన్నాడు. మా నాయన మీసం దువ్వుకున్నాడు. తర్వాత అందరూ ఉడికించిన శెనక్కాయలు పొట్ట పగిలేటట్టు తిన్నారు. ఆ తర్వాత నల్లపెట్టె బయటికొచ్చింది.

"ఇది వజ్రాన్ని కూడా కనిపెడుతుందా?" అన్నాడు దేవదానం చిప్పును చూసి.

"విషాన్నే కనిపెడుతుంది పెద్దనాయనా."

"పోనీలే. మన చేలల్లో అదైనా దొరుకుతాదేమో."

కరుణమ్మ గింజలు నూరాను, కలిపాను, వడగట్టాను. చుక్క వేయబోతుంటే నీళ్ల సీసా కనబడింది. ఒక్క క్షణం మేడమ్ ముఖం గుర్తుకొచ్చింది. కానీ ఇంతమంది ముందు వట్టి నీళ్లను పరీక్షిస్తే నా విశ్వాసం మీద నాకే అనుమానం ఉన్నట్టు ఉండదూ? సీసాను పక్కకు జరిపాను. గింజల చుక్క వేశాను, కడిగాను. ఆరబెట్టాలి. పొద్దున బల్ల సేవ చేసిన గుడ్డ ఇంకా భుజం మీదే ఉంది. నా చెయ్యి దానంతట అదే గుడ్డ అందుకుని, చిప్పును తుడిచి, కాస్త తిప్పి, పెట్టెలో పెట్టింది. మీరు చూశారు. నేను చూడలేదు.

ఎర్రబల్బు వెలిగింది.

కరుణమ్మ ముందుకొచ్చింది.

"అంటే ఏమి రత్నం?"

"విషం ఉండాదక్కా."

ఆమె ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ సుందరప్ప వైపు చూసి, "తాళం యాడ పెడితివి?" అంది. ఆ మాటకు అర్థం బెంగళూరు ప్రయాణమేనని నాకు తెలుసు. కానీ ప్రవక్తలకు ఇలాంటి కష్టాలు తప్పవని సర్దుకున్నాను. లోకేశప్ప సెల్‌ఫోను జేబులోంచి తీసి లారీవాడితో మాట్లాడాలని మెట్ల వైపు నడిచాడు.

"కుప్ప తడిసిందని నేను అప్పుడే చెప్తి," అన్నాడు దేవదానం గొంతు సవరించుకుని. "కప్పుకోవల్ల, కాపాడుకోవల్ల. నావి చూడు, ముత్యాలు."

ముత్యాలు నూరాను, తుడిచాను, తిప్పాను. ఎర్రబల్బు. అంకె ఇంకా ఎక్కువ.

దేవదానం ముఖం వంకాయ రంగుకు తిరిగింది. "ఏమప్పా, నీ పెట్టెకు కండ్లు సరిగా ఉండాయా?"

"అయ్యగారివి కూడా చూడు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అయ్యగారంటే మా పాస్టరు. ఆయన నవ్వుతూ గింజలు ఇచ్చాడు. అందరికంటే ఎక్కువ అంకె ఆయనదే. సంఘంలో అయ్యగారి దగ్గరే విషం ఎక్కువని తేలేసరికి వెనకవరుసలో ఒకరిద్దరు నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు ఎవరికో రావలసిన ఆలోచన వచ్చింది. "ఇందాక మనం తిన్న కాయలు?"

గంగాళం అడుగున మిగిలిన నాలుగు కాయలు తెచ్చారు. నూరాను, తుడిచాను, తిప్పాను. ఎర్రబల్బు వెలగడం కాదు, మండింది.

అంతసేపూ హాయిగా ఉన్న కడుపులన్నీ ఒకేసారి నొప్పెట్టడం మొదలుపెట్టాయి. "నాకు నోరు చేదుగా ఉండాది." "నాకు కాళ్లు లాగుతాండాయి." "మా ఆయన ఎక్కువ తిన్నాడు, ముందు ఆయనకు ప్రార్థన చేయండి." దేవదానం గోడకు ఆనుకుని, తన చేను ఎవరికి చెందాలో చెప్పసాగాడు. సుందరప్ప నా కాలరు పట్టుకున్నాడు. "నీ పెట్టె ఏమన్నా చెప్పనీ, పాప రోజూ అవే తింటాండాది. దానికేమైతాదో చెప్పు ముందు."

ప్రవక్త దిగిపోయాడు, భయపడిన రత్నం మిగిలాడు. లోకేశప్ప ఫోను అడుక్కుని, సిగ్నలు దొరికే గంటస్తంభం దగ్గరికి పరుగెత్తాను.

"మేడమ్, ఊరంతా విషమే. అందరి గింజలూ, ఉడికించినవి కూడా."

"నీళ్లకు ఎంత వచ్చింది?"

పక్కకు జరిపిన సీసా గుర్తొచ్చింది.

"రత్నం."

"చూడలేదు మేడమ్."

"చూడు. లైన్లో ఉంటా."

తిరిగొచ్చి, శుద్ధి చేసిన నీళ్ల చుక్క వేశాను. తుడిచాను. తిప్పాను. ఆ రోజు వచ్చిన అంకెలన్నిటిలోకీ పెద్దది వట్టి నీళ్లకు వచ్చింది. ఎర్రబల్బు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. మళ్లీ గంటస్తంభం దగ్గరికి పరుగెత్తాను.

"మేడమ్, నీళ్లలో కూడా విషం ఉండాది."

ఫోనులో ఒక పొడవైన నిట్టూర్పు. "నా ప్రయోగశాల నుంచి తీసుకుపోయిన నీళ్లలోనా? ఏంటితో ఆరబెట్టినావు?"

"బుడ్డితోనే..." అంటూ నా చేతి వైపు చూసుకున్నాను. బుడ్డి సంచిలోంచి బయటికే రాలేదు. నా చేతిలో ఉన్నది మా అమ్మ ఉతికిన గుడ్డ.

"గది చీకటి చేసి, పెట్టె తెరిచి, ఆ దీపం కింద నీ గుడ్డ పెట్టి చూడు," అని ఫోను పెట్టేసింది.

గుడి పక్కగది కిటికీకి జంపఖానా కట్టాం. కడుపునొప్పులవాళ్లు కూడా లోపలికి దూరారు. మనిషికి చావు భయం కంటే వింత చూసే ఆత్రం ఎక్కువ. పెట్టె తెరిచి దీపం వేశాను. గుడ్డ నీలంగా భగ్గుమంది. గుడ్డ ఒక్కటే కాదు, నా చొక్కా వెలిగింది, దేవదానం పంచె వెలిగింది, ముసుగులు వెలిగాయి, పిల్లల గౌన్లు వెలిగాయి. చీకట్లో తలలు లేవు, చేతులు లేవు, ఒట్టి బట్టలు నీలంగా నిలబడి ఉన్నాయి.

దేవదానం మోకాళ్ల మీద పడ్డాడు. "మహిమ దిగింది. నేను పోతాండా. పిలుపు వచ్చింది."

ఆ వెలుగుల మధ్య అయ్యగారు మాత్రం నల్లగా, మామూలుగా ఉన్నాడు. ఆయన బట్టలు ఆయన భార్య కుంకుడుకాయ రసంలో ఉతుకుతుంది. ఆయన పక్కనే నల్లగా కరుణమ్మ పాతచీర.

"లెయ్యప్పా దేవదానం," అన్నాడు అయ్యగారు. "ఇది దిగొచ్చిన వెలుగు గాదు. అంగట్లో పొట్లాల్లో అమ్మేది."

నిజమే. బట్టల్ని తెల్లగా చూపించే ఆ పొడిలో ఉండే రసాయనం కూడా, మా విషం లాగే, అతినీలలోహిత కాంతి పడితే నీలంగా వెలుగుతుంది. తుడిచిన ప్రతిసారీ చిప్పు మీద కంటికి కనబడని పోగులు మిగిలాయి. గుడ్డ తడిసేకొద్దీ ఇంకా ఎక్కువ రాలాయి. పాపం సెన్సరు చూసింది చూసినట్టే చెప్పింది. అది కొలిచింది గింజల విషాన్ని కాదు, మా ఇంటి తెల్లదనాన్ని.

కడుపునొప్పులు వచ్చినంత వేగంగా పోయాయి. దేవదానం చేను మళ్లీ ఆయనదే అయింది.

మిగిలిన చిప్పులు కొన్నే. మళ్లీ మొదలుపెట్టాలి. కానీ నా ఒంటి మీద చొక్కా, లోపలి బనీను, అన్నీ మా అమ్మ చేతి మహిమే. సుందరప్ప తన గొర్రెల కంబళి తెచ్చి నా మీద కప్పాడు. ఆ మండే మధ్యాహ్నం, నల్లకంబళి కప్పుకుని, గొర్రె వాసనతో, చెమట చిప్పు మీద పడకుండా తల వెనక్కి పెట్టుకుని పని చేశాను. ముందు నీళ్లు. రబ్బరు బుడ్డితో గాలి ఊదాను. అంకె సున్నా పక్కన బుద్ధిగా కూర్చుంది. తర్వాత కరుణమ్మ గింజలు. పెట్టె మూసి దీపం వేశాను. చిన్న అంకె. బల్బు వెలగలేదు.

"మంచివే అక్కా," అన్నాను.

ఆమె నావైపు కాకుండా లోకేశప్ప వైపు చూసింది. లోకేశప్ప తల అడ్డంగా తిప్పాడు.

"చూడప్పా, ఇందాక అన్నిటికీ ఎర్రబల్బు వెలిగె. ఇప్పుడు దేనికీ వెలగలేదు. నాలుగు మంచి మాటలు చెప్తే ఇది యా మాటన్నా వింటాది. మా ఓనరుకు నేనేం చెప్పల్ల? లారీ ఖాళీగా తీసుకుపోతా."

నేనే ఆయన అయితే నేనూ అదే అనేవాణ్ని. అప్పుడు మా అమ్మ గుంపులోంచి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. తన గుడ్డకు జరిగిన అవమానం చిన్నది కాదు మరి.

"ఊర్లో అందరివీ చూసి మనవి చూడకుంటే బాగుండదు. మన మూట కూడా చూడు. మనవి ఎట్లుంటాయో అందరూ చూడనీ."

నాకూ ధైర్యం వచ్చింది. వానలో తడవకుండా మా నాయన కాయ కోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ పట్టా కొని, చుట్టూ బిగించి కట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. దేవదానం గెలుచుకున్న మూట విప్పి, గుప్పెడు గింజలు నూరి, చుక్క వేసి, కడిగి, ఊది, పెట్టెలో పెట్టాను.

ఎర్రబల్బు.

మళ్లీ నీళ్లు చూశాను. సున్నా. మళ్లీ మా గింజలు. ఎర్రబల్బు. గాలి చొరబడకుండా కట్టిన ఆ పట్టా కింద కాయ లోపల్లోపలే చెమర్చి బూజు పట్టింది. తడిసి, గాలికి, ఎండకు ఆరిన కరుణమ్మ కాయకు ఏమీ కాలేదు. మా నాయన మీసం మీద నుంచి చెయ్యి తీసేశాడు. మా అమ్మ నా కంబళి వెనక్కి జరిగి నిలబడింది.

లోకేశప్ప మొదట ముసిముసిగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "సొంత ఇంటి మూటకే, అమ్మా నాయన ముందరే, విషం అని చెప్పె. ఇట్లాంటి మిషనును నమ్మకుంటే ఇంక ఎవర్ని నమ్మల్ల? కరుణమ్మా, మూటలు లెక్క పెట్టమ్మా. లారీ వస్తాండాది."

కరుణమ్మ ఇందాక అడిగి కొంగున కట్టుకున్న తాళం విప్పి సుందరప్ప చేతిలో పెట్టింది. "దూలంలో పెట్టు. ఇప్పుడప్పుడే కావల్సింది గాదు."

మా మూటను నేనే, ఆ కంబళి కప్పుకునే, ఊరి బయట గొయ్యి తీసి పూడ్చాను. "పాటలో పెట్టింది దేవునికి ఇచ్చినట్టే, వెనక్కి అడగను," అన్నాడు దేవదానం గట్టు మీద కూర్చుని. "ఇంకొంచెం లోతుగా తియ్యి." ఆ ఏడు కరుణమ్మ కూతురు పరీక్షలు మా ఊళ్లోనే, సొంత ఇంటి గడప మీద చదువుకుని రాసింది. మా అమ్మ ఆ పొడి పొట్లాన్ని అయ్యగారి భార్యకు చూపకుండా పారేసి, కుంకుళ్లు కొట్టడం నేర్చుకుంది. ఇప్పుడు బల్ల దగ్గర నా గుడ్డ మజ్జిగ రంగులో ఉంటుంది.

కాబట్టి దేవుని ఎదుట, సంఘం ఎదుట, ఆ ఎర్రబల్బు ఎదుట ఇదే నా ప్రమాణం. ఎవరి మూట విప్పే ముందైనా నా మూట విప్పుతాను. నా మూట కంటే ముందు నీళ్లు చూస్తాను. నీళ్ల కంటే ముందు నా చేతిలో ఏముందో చూసుకుంటాను. ఇక మీదట ప్రవక్త పని అయ్యగారికే వదిలేస్తాను.

ఇప్పటికీ పంట పండుగకు పోతే కరుణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అందరి ముందూ నా చేతికిస్తుంది. "తాగు రత్నం. విషం ఉంటే ముందు నీకే తెలుస్తాది," అంటుంది. సంఘమంతా ఆమెన్ అంటుంది. నేను బుద్ధిగా తాగుతాను. మూతి మాత్రం గుడ్డతో తుడుచుకోను.